పిల్లల గది గోడ మీద ఎవరి కల?

పిల్లలకంటూ విడిగా ఒక పడకగది ఉండాలన్న ఆలోచన మన ఇళ్లలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చిన తర్వాత మాత్రం చాలా వేగంగా స్థిరపడిపోయింది. హైదరాబాదులోనో విశాఖలోనో కొత్తగా ఫ్లాటు కొన్నవాళ్లు ఇంటీరియర్ పనివాళ్లను పిలిపిస్తే, పిల్లల గది దగ్గరకు వచ్చేసరికి మొదట వినపడే ప్రశ్న 'పాపా, బాబా?' అనే. పాప అయితే గులాబీ రంగు, రాకుమార్తెలు, సీతాకోకచిలుకలు. బాబు అయితే నీలం, కార్లు, రాకెట్లు, క్రికెట్. దీనికి 'థీమ్' అని పేరు. గది ఎంత పెద్దది, కిటికీ ఎటువైపు, ఆ పిల్లకు చీకటంటే భయమా, అటకలెక్కడం ఇష్టమా అన్న ప్రశ్నలు ఆ తర్వాత వస్తే వస్తాయి, లేకపోతే లేదు.

థీమ్ ఎంచుకునే పని సాధారణంగా తల్లికి వదిలేస్తారు. ఖర్చు ఎంతవరకు అన్నది తండ్రి చెబుతాడు. 'అదంతా మీ ఆడవాళ్ల వ్యవహారం' అనే మాటలో కాస్త ఉదారత, కాస్త తేలికభావం రెండూ ఉంటాయి. నిజంగానే ఇది చిన్న విషయమేమో అనిపించవచ్చు. కానీ ఈ చిన్న విషయం వెనక నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రను తిరగేస్తే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. ఎంపిక చేసే బాధ్యత స్త్రీది. ఏవేవి ఎంచుకోవచ్చో ముందే నిర్ణయించే అధికారం మాత్రం ఆమెది కాదు.

పిల్లల గది ఇప్పుడు మనకు తెలిసిన రూపంలో పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులోని సంపన్న, మధ్యతరగతి ఇళ్లలో స్థిరపడింది. 'నర్సరీ' అనేవారు. చాలా ఇళ్లలో అది పై అంతస్తులో, పెద్దల కంటికీ చెవికీ దూరంగా ఉండేది. కింది గదుల్లో పాతబడిపోయిన కుర్చీలూ బల్లలూ అక్కడికి చేరేవి. కిటికీలకు ఊచలుండేవి. పిల్లలతో పాటు ఆ గదిలో పడుకునేది తల్లి కాదు, జీతానికి పెట్టుకున్న దాది. ఆమె కింద పనిచేసే నర్సరీ పిల్ల తరచుగా పన్నెండు పదమూడేళ్లదే. అంటే పిల్లల గదిలో ఎప్పుడూ ఇద్దరు పిల్లలుండేవారు. ఒకరి కోసం ఆ గది. ఆ గది కోసం ఇంకొకరు. బాల్యం పవిత్రమైనదన్న భావన మధ్యతరగతి పిల్లలకు దక్కిన కాలంలోనే ఆ రెండో పిల్లకు బాల్యమే లేకుండా పోయిందన్న విషయం గదుల అలంకరణ మీద రాసిన పుస్తకాల్లో కనపడదు.

వాల్‌పేపర్ మీద పన్ను 1836లో తీసేశారు. 1840ల నుంచి యంత్రాల మీద అచ్చువేయడం పెరిగి, అది మామూలు ఇళ్లకు కూడా అందుబాటులోకి వచ్చింది. అప్పట్లో ఎక్కువ మోజున్న రంగు పచ్చ. ఆ పచ్చదనం వెనక ఉన్నది ఆర్సెనిక్, అంటే పాషాణం. షీలే అనే రసాయన శాస్త్రవేత్త 1775లో కనిపెట్టిన పచ్చరంగూ, దాని తర్వాత వచ్చిన మరికొన్ని పచ్చలూ పాషాణంతోనే తయారయ్యేవి. 1862లో లండన్‌లోని లైమ్‌హౌస్ ప్రాంతంలో ఒకే ఇంట్లో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. గోడకున్న పచ్చ కాగితం మీద అనుమానం పడింది. 1874లో అమెరికాలోని మిషిగన్‌లో రాబర్ట్ కెడ్జీ అనే వైద్యుడు పాషాణం ఉన్న వాల్‌పేపర్ ముక్కలనే కుట్టించి వంద ప్రతుల పుస్తకం చేసి గ్రంథాలయాలకు పంచాడు. గోడలు చంపగలవని జనానికి చూపించడానికి అంతకన్నా మార్గం కనపడలేదు కాబోలు.

ఈ భయాన్ని విలియం మోరిస్ ఎలా తీసుకున్నాడో చూడాలి. అందం అందరికీ అందాలన్న సోషలిస్టు, వాల్‌పేపర్ రూపకర్తల్లో అగ్రగణ్యుడు. పాషాణం తవ్వితీసే గనుల కంపెనీలో ఆయన కుటుంబానికి వాటాలుండేవి. 1885లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, వాల్‌పేపర్ విషం గురించిన గోలను పాతకాలపు మంత్రగత్తెల భయంతో పోల్చి కొట్టిపారేశాడు. మంత్రగత్తెలని ముద్రవేసి ఎవరిని కాల్చారో మనకు తెలుసు. ఆ పోలిక అంత సులభంగా ఆయన కలానికి ఎలా వచ్చిందన్నది ఆలోచించుకోవలసిన విషయం.

ప్రత్యేకంగా పిల్లల గదుల కోసమే బొమ్మల వాల్‌పేపర్లు వచ్చింది ఈ కాలంలోనే. చిత్రకారుడు వాల్టర్ క్రేన్ 1875లో జెఫ్రీ కంపెనీకి మొదటిది గీశాడు. 1879లో ఆయన గీసినది 'నిద్రపోయే రాకుమారి'. గది నిండా, గోడ నిండా, అదే బొమ్మ మళ్లీ మళ్లీ అచ్చుపడి, ముద్దు కోసం ఎదురుచూస్తూ పడుకున్న అమ్మాయిలు. 1893లో కేట్ గ్రీనవే బొమ్మలతో పన్నెండు నెలల వాల్‌పేపర్ వచ్చింది. ఆమె గీసిన పిల్లలు శుభ్రంగా, నెమ్మదిగా, పొడుగాటి గౌనుల్లో ఉంటారు. ఒక్కరి మోకాలూ చెక్కుకుపోయి ఉండదు. ఆ కాలంలో తన చేతి పనితో బతకగలిగిన కొద్దిమంది స్త్రీ చిత్రకారుల్లో ఆమె ఒకరు. కానీ ఆమె బొమ్మలను అనుమతి లేకుండా, పైసా ఇవ్వకుండా ఎన్ని వస్తువుల మీద అచ్చువేసుకున్నారో లెక్కలేదు.

నర్సరీ గోడ గురించి స్త్రీ వైపు నుంచి వచ్చిన సాక్ష్యం మనకు ఒక కథలో దొరుకుతుంది. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 'ది ఎల్లో వాల్‌పేపర్' 1892లో అచ్చయింది. స్త్రీవాద సాహిత్యం చదువుకున్న మనకు అది చిరపరిచితమే. పురిటి తర్వాత కుంగిపోయిన స్త్రీ, డాక్టరైన భర్త, విశ్రాంతి పేరుతో చదువూ రాతా మాన్పించిన వైద్యం, పసుపు కాగితం వెనక పాకే స్త్రీ. మనం ఈ కథ గురించి మాట్లాడేటప్పుడు ఒక వివరాన్ని తొందరగా దాటేస్తుంటాం. భర్త ఆమెను ఉంచిన ఆ పై గది ఒకప్పటి నర్సరీ. కిటికీలకున్న ఊచలు పిల్లలు పడిపోకుండా పెట్టినవేనని ఆమె సర్దిచెప్పుకుంటుంది. ఆమె అడిగింది కింది గది, అతను ఇచ్చింది ఇది. ఆమె బిడ్డ వేరేచోట దాది చేతుల్లో ఉంది. బిడ్డ లేని పిల్లల గదిలో తల్లి ఖైదీ. పిల్లల గదికీ పిచ్చివాళ్ల గదికీ ఒకే ఊచలు సరిపోతాయని గిల్మన్ 1892లోనే గుర్తించింది. స్త్రీని పిల్లలాగా చూసే సమాజం పిల్లకు గది ఎలా కడుతుందో కూడా ఆ కథ చెబుతోంది.

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏడాదుల్లో గాలి కొంత మారింది. స్వీడన్ రచయిత్రి ఎలెన్ కీ 1900లో 'బాలల శతాబ్దం' రాసింది. రాబోయే నూరేళ్లూ పిల్లలవి కావాలంది. అంతకుముందు ఏడాది చిత్రకారుడు కార్ల్ లార్సన్ తన ఇంటి బొమ్మలతో 'ఒక ఇల్లు' అనే పుస్తకం తెచ్చాడు. వెలుతురు నిండిన గదులు, ఎర్రటి పచ్చటి చెక్క సామాను, చేనేత గుడ్డలు, ఇంట్లో ఎక్కడపడితే అక్కడ పిల్లలు. యూరపులో పిల్లల గది ఎలా ఉండాలన్న ఊహను ఆ పుస్తకం చాలా మార్చింది. ఆ గుడ్డలు నేసింది, ఆ సామానులో చాలావాటికి రూపమిచ్చింది ఆయన భార్య కారిన్. ఆమె కూడా శిక్షణ పొందిన చిత్రకారిణే. పెళ్లయ్యాక బొమ్మలు వేయడం మానేసింది. ఎనిమిదిమంది పిల్లల్ని కంది. ఆయన ఆమె చేసిన గదిని బొమ్మ గీశాడు, బొమ్మ కింద సంతకం ఆయనది. 1997లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఇద్దరి పేర్లతో ప్రదర్శన పెట్టేనాటికి కారిన్ పోయి దాదాపు డెబ్బై ఏళ్లయింది.

అలాంటిదే మరొక పేరు ఆల్మా బుషర్. జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో చేరిన ఆడపిల్లల్లో ఎక్కువమందిని నేత విభాగానికి పంపేవారు. ఆమె అక్కణ్నుంచి వడ్రంగం విభాగానికి మారింది. 1923లో వైమార్‌లో కట్టిన నమూనా ఇంటికి పిల్లల గది సామానంతా తయారుచేసింది. ఆ గదికి 'థీమ్' లేదు. చక్రాలున్న పెట్టె కాసేపు బండి, కాసేపు కుర్చీ. అల్మరా తలుపు తెరిస్తే తోలుబొమ్మలాట రంగస్థలం. గోడకు సుద్దతో రాసుకుని చెరుపుకునే పలకలు. పాపా, బాబా అని అడగని గది అది. అయితే ఆ ఇంటి పథకంలో వంటింట్లో నిలబడి భోజనాల గది మీదుగా పిల్లల గదిలోకి చూసే వీలు కల్పించారు. పిల్లకు స్వేచ్ఛ వచ్చింది, తల్లికి కాపలా పని వచ్చింది. దాదిని తీసేసిన ఆధునిక ఇల్లు ఆమె పనిని తల్లికి ఊరికే అప్పగించింది. పిల్లలకు అంత ఆట ఇచ్చిన ఆల్మా 1944లో బాంబుదాడిలో చనిపోయింది.

ఇక ఈ 'పాపా, బాబా' రంగుల సంగతి. గులాబీ ఆడపిల్లకు, నీలం మగపిల్లాడికి అనేది అనాదిగా వస్తున్నదనీ ప్రకృతి సహజమనీ చాలామంది నమ్మకం. 1918లో అమెరికాలో పసిపిల్లల బట్టల వ్యాపార పత్రిక ఒకటి సరిగ్గా తిరగేసి చెప్పింది. గులాబీ బలమైన రంగు కాబట్టి మగపిల్లలకు, నీలం సుకుమారం కాబట్టి ఆడపిల్లలకు అని. 1927లో బెల్జియం యువరాణి ఆస్ట్రిడ్ ఆడపిల్లను కన్నప్పుడు, అబ్బాయి పుడతాడన్న ఆశతో తొట్టెను ముందుగానే గులాబీ రంగుతో అలంకరించారని టైమ్ పత్రిక రాసింది. ఆ సందర్భంగా ఆ పత్రిక అమెరికా నగరాల్లోని పెద్ద దుకాణాలను వాకబు చేస్తే, ఏ రంగు ఎవరిదన్న దానిపై దుకాణానికో అభిప్రాయం వచ్చింది. ఇప్పటి పద్ధతి 1940ల నుంచి మెల్లగా గట్టిపడింది. 1970లలో స్త్రీవాద ఉద్యమ ప్రభావంతో కొంత సడలింది. 1980ల మధ్య నుంచి, కడుపులో ఉన్నది ఎవరో స్కానింగులో ముందే తెలిసే వీలు వచ్చాక, మళ్లీ బిగుసుకుంది. ఈ క్రమాన్ని చరిత్రకారిణి జో పావొలెట్టి 2012లో వచ్చిన పుస్తకంలో ఓపికగా నమోదు చేసింది. రంగు తారుమారైనా తొట్టెను ఎవరి కోసం అలంకరించారన్నది మాత్రం మారలేదు. 1927లో ఆ గులాబీ తొట్టె ఎదురుచూసింది మగబిడ్డ కోసమే.

పాషాణం కథ అయిపోయిందనుకుంటే 1947లో ఇంకో విషం వచ్చింది. అమెరికాలో ట్రిమ్జ్ కంపెనీ పిల్లల గదుల కోసం డీడీటీ పట్టించిన వాల్‌పేపర్ అమ్మింది. డిస్నీ బొమ్మల రకం ఒకటి, పిల్లల పాటల బొమ్మల రకం ఒకటి. ఈగలు, దోమలు, చీమలు గోడ మీద వాలితే చస్తాయి. ఇంట్లో వాడటానికి పూర్తిగా సురక్షితమని ప్రకటనలో భరోసా. ఆ ప్రకటనలు మాట్లాడింది తల్లితోనే. బిడ్డను జబ్బుల నుంచి కాపాడుకోవడం తల్లి ధర్మం కాబట్టి కొనాలి. 1962లో రేచెల్ కార్సన్ పురుగుమందుల మీద 'సైలెంట్ స్ప్రింగ్' రాసినప్పుడు, పెళ్లిపెటాకులు లేని ఆడదానికి రాబోయే తరాల గురించి ఎందుకంత బెంగ అని వెటకారాలు చేశారు. బిడ్డ గోడకు విషం అంటించిన వ్యాపారికి ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. 1972లో అమెరికా డీడీటీని దాదాపు పూర్తిగా నిషేధించింది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పరిమాణానికి కట్టుబాటు 2016లో నియమాలుగా వచ్చి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు మన పిల్లల గదుల్లో గోకిన, నాకిన రంగులకు అలాంటి కట్టుబాటు లేదు.

1975లో హారియెట్ రైన్‌గోల్డ్, కే కుక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆరేళ్లలోపు పిల్లల గదుల్లోకి వెళ్లి వస్తువులు లెక్కపెట్టారు. 48 మంది అబ్బాయిల గదులు, 48 మంది అమ్మాయిల గదులు. తల్లిదండ్రులను ఏ ప్రశ్నా వేయలేదు. అడిగితే 'మాకు ఇద్దరూ సమానమే' అంటారు కదా. గదులు వేరే సమాధానం చెప్పాయి. అబ్బాయిల గదుల్లో బొమ్మ వాహనాలు 375, అమ్మాయిల గదుల్లో 17. అమ్మాయిల గదుల్లో పూల డిజైన్లు, కుచ్చిళ్లు, బొమ్మ పిల్లలు. అబ్బాయిల గదుల్లో యంత్రాలు, ఆటసామాను. ఒక బిడ్డకు ఊరు దాటి వెళ్లే బండి ఇచ్చి, ఇంకో బిడ్డకు ఒళ్లో పెట్టుకునే బిడ్డను ఇచ్చారు. ఆ తర్వాత పాతికేళ్లకు, 2000లో, డిస్నీ తన రాకుమార్తెలందరినీ ఒకే సరుకుగా కట్టగట్టి మార్కెట్లోకి దింపింది. దుప్పటి, దిండు, దీపం, గోడ అంటింపు అన్నిటి మీదా వాళ్లే. 1879 నాటి నిద్రపోయే రాకుమారి మళ్లీ గోడకెక్కింది. ఈసారి ప్రపంచీకరణ దారిలో మన ఊళ్లకూ వచ్చింది.

మన ఇళ్లలో అంతకుముందు పిల్లల గది లేదు కాబట్టి జెండర్ లేదని అనుకోనక్కర్లేదు. మనకు ఉన్నది పురిటిగది. బిడ్డ పెరిగే గది కాదు, తల్లీబిడ్డా మైలతో విడిగా ఉండే గది. తర్వాత ఉయ్యాల, దాని మీద వేలాడే చెక్క చిలకలు. ఆ పైన పిల్లలంతా వసారాలోనో మేడమీదో అమ్మమ్మ పక్కనో వరుసగా పడుకునేవారు. గోడలు మాట్లాడకపోయినా చేతికిచ్చిన బొమ్మలు మాట్లాడేవి. ఏటికొప్పాక లక్కపిడతలు ఎంత అందమైనవో అంత సూటిగా చెబుతాయి. పొయ్యి, గిన్నె, తిరగలి. ఆడపిల్ల గుజ్జనగూళ్లు వండుతుంటే మగపిల్లవాడు వచ్చి తినిపోయేవాడు. విడిగా గది ఎందుకివ్వలేదన్న ప్రశ్నకు మన భాషలోనే జవాబుంది. ఆడపిల్ల 'ఆడ' పిల్ల, ఈడ పిల్ల కాదు. ఎప్పుడో ఒకరోజు వెళ్లిపోయేదానికి గదెందుకు? పెళ్లయ్యాక పుట్టింటికి వస్తే పడుకునేది ఎక్కడ అన్న ప్రశ్న ఇప్పటికీ చాలామంది స్త్రీలకు ఇబ్బంది పెట్టే ప్రశ్నే. ఆమె గది ఆమె వెళ్లగానే స్టోరు గదో తమ్ముడి కంప్యూటరు గదో అయిపోతుంది. గులాబీ రంగు మాత్రం సున్నం కింద కొంతకాలం కనపడుతూ ఉంటుంది.

అందుకే ఆడపిల్లకు గది ఇవ్వడం, దాని గోడకు ఏదో రంగు వేయడం మన దగ్గర చిన్న మార్పు కాదు. దాన్ని వెటకారం చేయడం నా ఉద్దేశం కాదు. తలుపు వేసుకోగలిగిన చోటు ఆడపిల్లకు ఎంత అవసరమో వర్జీనియా వుల్ఫ్ 1929లో చెప్పకముందే మన అమ్మమ్మలకు తెలుసు. నా ప్రశ్న వేరు. గది ఇచ్చినంత మాత్రాన ఆ చోటు ఆమెదవుతుందా?

స్కానింగ్ యంత్రం గురించి పైన చెప్పాను. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఇప్పుడు బంధువులను పిలిచి, కేకు కోసి, లోపల గులాబీయో నీలమో చూసి చప్పట్లు కొడుతున్నాయి. ఆ మర్నాటి నుంచి గది సిద్ధమవుతుంది. అదే యంత్రం, అదే సమాచారం ఇక్కడ ఏం చేసిందో మనకు తెలుసు. 1994లో లింగ నిర్ధారణను నిషేధిస్తూ చట్టం తేవలసి వచ్చింది. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 2001 జనాభా లెక్కల్లో 961 ఉంటే, 2011కు 939కి పడిపోయింది. ఈ పదేళ్లూ మన నగరాల్లో అపార్ట్‌మెంట్లు, పిల్లల గదులు, రాకుమార్తెల దుప్పట్లు పెరిగిన పదేళ్లే. గులాబీ గదులు పెరుగుతూ ఆడపిల్లలు తగ్గడం పైకి వైరుధ్యంలా కనిపిస్తుంది. బిడ్డను చూడకముందే బిడ్డ ఎవరో నిర్ణయించేసే అలవాటు రెండింట్లోనూ ఒకటే. ఒకచోట ఆ నిర్ణయం పసిబిడ్డకు రంగు వేస్తుంది. ఇంకోచోట పుట్టనివ్వదు.

ఆ గదిలో ఇప్పటికీ ఇంకో పిల్ల ఉంటుంది. ఇళ్లలో పిల్లలను పనికి పెట్టుకోవడాన్ని 2006లో నిషేధించారు. నిషేధించవలసి రావడమే ఆ పిల్లలు ఎంతమంది ఉండేవారో చెబుతుంది. రాకుమారి దిండు గలీబు మార్చి, గోడ మీది కోటకు పట్టిన దుమ్ము తుడిచి, వంటింట్లో చాప వేసుకున్న ఆడపిల్లల వయసు చాలాసార్లు ఆ గది యజమానురాలి వయసే. విక్టోరియా కాలపు నర్సరీ పిల్లకూ ఈ పిల్లకూ మధ్య సముద్రాలూ శతాబ్దాలూ ఉన్నాయి కానీ పని ఒకటే. థీమ్ ఎంచుకునే తల్లి మీద ఒత్తిడి గురించి మాట్లాడేటప్పుడు, ఆ థీమ్‌ను రోజూ తుడిచే చేతుల గురించి కూడా మాట్లాడకపోతే మన స్త్రీవాదం హాలు దాకా వచ్చి ఆగిపోయినట్టే.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలికీ, ముగ్గులేసీ, అలంకరించీ తన పేరు మరిచిపోయిన గృహిణి మనందరికీ తెలుసు. మార్కెట్ ఇప్పుడు ఆమె చేతికి అలుకు గుడ్డ బదులు కేటలాగు ఇచ్చింది. అందులోంచి ఎంచుకోవడమే స్వేచ్ఛ అని చెబుతోంది. గది బాగుంటే 'ఎంత టేస్టో' అని మెచ్చుకుంటుంది. పిల్ల చదవకపోతే, భయపడితే, మాట వినకపోతే, తప్పు మళ్లీ తల్లిదే. ఎంపిక అనే మాటలో ఇంత నింద దాగి ఉంటుందని ఎంపిక చేసేటప్పుడు ఎవరూ చెప్పరు.

మరి ఏం చేయాలి? గులాబీ తీసి నీలం వేస్తే విముక్తి రాదు. 1918లో ఆడపిల్లకు నీలం వేసినప్పుడు ఆమెకు అదనంగా దక్కిందేమీ లేదు. పిల్ల గులాబీ కావాలంటే వద్దనడం కూడా ఇంకో రకం పెత్తనమే. ఈ చరిత్రలో నాకు పనికొచ్చేదిగా కనిపించింది ఆల్మా బుషర్ పలక ఒక్కటే. పిల్ల రాసుకుని, చెరుపుకుని, మళ్లీ రాసుకునే చోటు. అది మనకు కొత్తది కాదు. బొగ్గుముక్కతో, బలపంతో మన ఇళ్ల గోడల మీద ఎంతమంది ఎన్ని రైళ్లు, ఎన్ని చేపలు, ఎన్ని దెయ్యాలు గీయలేదు! తిట్లు తిన్నాం, కొన్నాళ్లు అవి ఉన్నాయి, పండక్కి సున్నం వేసినప్పుడు పోయాయి. మర్నాడు తెల్లగోడ మళ్లీ మనదయ్యేది. సున్నం వేసింది అమ్మే. నడుం కట్టి, నిచ్చెన ఎక్కి, ఆ బొమ్మలన్నిటినీ ఆఖరిసారి చూసింది కూడా ఆవిడ ఒక్కతే. ఆవిడకు ఏ బొమ్మ గీయాలని ఉండేదో ఎవరమూ అడగలేదు.